డ్రిప్ సబ్సిడీ: దరఖాస్తు నుంచి ట్రయల్ రన్ దాకా ఏ అడుగులో ఏం చూసుకోవాలి

డ్రిప్ సబ్సిడీ గురించి రైతులు పదేపదే అడిగేవి రెండే ప్రశ్నలు. దరఖాస్తుకు ముందు: "సబ్సిడీ డబ్బు నా ఖాతాలో పడుతుందా?" బిగించిన తర్వాత: "చివరి మొక్కలకు నీళ్లు అందడం లేదు, ఇప్పుడెవరిని అడగాలి?"

రెండింటికీ జవాబు ఒకచోటే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ డ్రిప్ సబ్సిడీ రైతు చేతికి డబ్బుగా రాదు, సామానుగా వస్తుంది. సబ్సిడీ సొమ్ము కంపెనీకి వెళ్తుంది. పొలంలో పరికరాలు బిగించి, ట్రయల్ రన్ చేసి, "అంతా సరిగా ఉంది" అని మీరు సంతకం పెట్టాకే ఆ సొమ్ముకు దారి తెరుచుకుంటుంది. అంటే మీ చేతిలో రెండు సంతకాలున్నాయి. ఒకటి సర్వే రోజు డిజైన్ మీద పెట్టేది, రెండోది ట్రయల్ రన్ రోజు పెట్టేది. ఈ రెండూ తొందరపడి పెట్టేస్తే ఆ తర్వాత అడిగే బలం ఉండదు. అందుకే కింద ఆ రెండు రోజుల గురించి ఎక్కువ రాశాం, కాగితాల గురించి తక్కువ.

పథకం క్లుప్తంగా

బిందు, తుంపర సేద్యానికి కేంద్రం ఇచ్చే సాయం "పర్ డ్రాప్ మోర్ క్రాప్" పథకం కింద వస్తుంది. 2015లో ప్రధానమంత్రి కృషి సించాయి యోజనలో భాగంగా మొదలైంది. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం సన్న, చిన్నకారు రైతులకు యూనిట్ ధరలో (ప్రభుత్వం ఖరారు చేసిన ధర) 55 శాతం, మిగతా రైతులకు 45 శాతం సాయం. ఒక్కో రైతుకు గరిష్ఠంగా 5 హెక్టార్లు, అంటే సుమారు 12.35 ఎకరాలు. దాని మీద రాష్ట్రాలు తమ వంతు కలుపుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని 2003లో మొదలైన ఏపీఎంఐపీ (ఆంధ్రప్రదేశ్ మైక్రో ఇరిగేషన్ ప్రాజెక్టు) నడుపుతోంది. అక్కడ సన్న, చిన్నకారు రైతులకు 90 శాతం, ఆ కమతాలున్న ఎస్సీ, ఎస్టీలకు 100 శాతం. తెలంగాణలో ఉద్యాన శాఖ చూస్తుంది. ఎస్సీ, ఎస్టీలకు 100, బీసీలకూ సన్న, చిన్నకారు రైతులకూ 90, మిగతావారికి 80 శాతం. 5 ఎకరాలు దాటిన కమతాలకు శాతాలు, పరిమితులు జిల్లానూ ఆ ఏడాది ఉత్తర్వులనూ బట్టి మారతాయి కాబట్టి దరఖాస్తు రోజునే ఆ ఏడాది ఉత్తర్వు చూపించమని అడగండి.

ఒకసారి సబ్సిడీ తీసుకున్న భూమికి మళ్లీ కావాలంటే 7 ఏళ్లు ఆగాలి. రికార్డు సర్వే నంబరు మీద ఉంటుంది. పొలం కొన్నవాళ్లు ఇది ముందే కనుక్కోవాలి. పాత యజమాని నాలుగేళ్ల కింద తీసుకుని ఉంటే మీ దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆధార్, దానికి లింకైన ఫోను (ఓటీపీ దానికే వస్తుంది)
- పట్టాదారు పాసుపుస్తకం. ఏపీలో తాజా 1బీ, అడంగల్ కూడా
- బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ
- సన్న, చిన్నకారు రైతు ధ్రువపత్రం (అడిగిన చోట), ఎస్సీ, ఎస్టీ, బీసీ రైతులైతే కుల ధ్రువపత్రం
- బోరు కరెంటు సర్వీసు నంబరు
- పాస్‌పోర్టు ఫొటోలు

పొలంలో పనికొచ్చేవి కూడా సిద్ధం చేసుకోండి: 200 లీటర్ల డ్రమ్ము, 50 మీటర్ల టేపు, మిల్లీలీటర్ల గీతలున్న గ్లాసు (మందుల డబ్బాలతో వచ్చే కొలత గ్లాసైనా సరే, బాగా కడిగి), పీహెచ్ కాగితాలు. అన్నీ కలిపినా పెద్ద ఖర్చు కాదు.

1. ముందు బోరును కొలవండి

ఎన్ని ఎకరాలకు డ్రిప్ వేయాలో చెప్పేది పాసుపుస్తకం కాదు, బోరు. మోటారు వేసి కనీసం గంటన్నర నడవనివ్వండి. మొదట్లో వచ్చే నీరు బోరులో నిల్వ ఉన్నది, దాన్ని కొలిస్తే లెక్క తప్పుతుంది. గంటన్నర తర్వాత డ్రమ్ము పెట్టి, అది నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 7,20,000ను ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో వస్తుంది. 60 సెకన్లలో నిండితే గంటకు 12,000 లీటర్లు. 90 సెకన్లు పడితే 8,000.

ఈ కొలత ఏప్రిల్, మే నెలల్లో తీసుకుంటేనే నమ్మదగ్గది. అక్టోబరులో కొలిచి ఐదెకరాలకు పెట్టుకుంటే, ఎండాకాలంలో సగం పొలం పైపులున్నా పడావు పడుతుంది.

ఇప్పుడు ఎకరాల లెక్క. ఎకరం మీద 1 మిల్లీమీటరు నీరు నిలిస్తే సుమారు 4,050 లీటర్లు. ఎదిగిన మిరప, టమాటా, అరటి వంటి పైరుకు మండుటెండల్లో రోజుకు 5 మి.మీ. అనుకుంటే ఎకరానికి 20,000 లీటర్లు. గంటకు 12,000 లీటర్లిచ్చే బోరు రోజుకు 7 గంటలు ఆడితే 84,000 లీటర్లు, అంటే నాలుగెకరాలు. అంతకు మించి దరఖాస్తు పెట్టినా సామాను వస్తుంది, నీరు మాత్రం రాదు.

2. రికార్డులు సరిచూసుకోండి

దరఖాస్తులు ఎక్కువగా ఆగేది ఇక్కడే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాసుపుస్తకంలో ఒక్క అక్షరంగా ఉండటం. తండ్రి పేరున ఉన్న పొలానికి కొడుకు దరఖాస్తు పెట్టడం. అన్నదమ్ముల ఉమ్మడి పట్టాలో వాటాలు తేలకపోవడం. ఏపీలో మీభూమిలో, తెలంగాణలో భూభారతిలో మీ సర్వే నంబరు, విస్తీర్ణం, పేరు ముందే చూసుకోండి. తేడా ఉంటే దరఖాస్తు పెట్టాక కాదు, పెట్టకముందే తహసీల్దారు కార్యాలయంలో సరిచేయించుకోండి.

తండ్రి బతికుండి పట్టా ఆయన పేరునే ఉంటే దరఖాస్తు ఆయన పేరుతోనే పెట్టడం సులువు. కౌలు రైతులకు మాత్రం ఇది కష్టమైన పథకం. భూమిని కనీసం 7 ఏళ్లకు రాతపూర్వకంగా కౌలుకు తీసుకుంటేనే కేంద్ర మార్గదర్శకాల్లో వీలుంది. నోటిమాట కౌలుకు వీలు లేదు. అలాంటప్పుడు భూయజమాని పేరున పెట్టించి, సామాను ఎవరిదో, కౌలు మానేస్తే ఏమవుతుందో కాగితం మీద రాసుకోవడం మంచిది.

సొంత బోరు లేక పక్కవాళ్ల నీరు వాడుకునేవారు బోరు యజమాని నుంచి అంగీకార పత్రం తీసుకుని, దాన్ని దరఖాస్తుతో జతచేయవచ్చో లేదో ముందే అడగండి.

3. దరఖాస్తు

ఏపీలో మీ గ్రామ రైతు సేవా కేంద్రంలో (ఇదివరకటి రైతు భరోసా కేంద్రం) సిబ్బంది ఆన్‌లైన్‌లో నమోదు చేస్తారు. తెలంగాణలో మీ మండలం చూసే ఉద్యాన అధికారి దగ్గరికి వెళ్లాలి. ఏ కంపెనీ కావాలో ఎంచుకునే హక్కు మీది. ప్రభుత్వ జాబితాలో ఉన్న కంపెనీల్లోంచి ఎంచుకోవాలి. కంపెనీ పేరు చూసి కాదు, మీ మండలంలో దాని సర్వీసు మనిషి ఉన్నాడా లేదా అన్నది చూసి ఎంచుకోండి. అదే కంపెనీ డ్రిప్ రెండు మూడేళ్లుగా నడుస్తున్న పొలానికి వెళ్లి, ఫోన్ చేస్తే ఎన్ని రోజులకు వస్తున్నారో అడిగితే చాలు.

నమోదు కాగానే దరఖాస్తు నంబరు రాసుకోండి. తర్వాత ఎవరిని ఏం అడగాలన్నా ఆ నంబరుతోనే.

నిధులు ఆర్థిక సంవత్సరం లెక్కన వస్తాయి. ఏప్రిల్, జూన్ మధ్య పెట్టిన దరఖాస్తుకు ఉన్నంత వీలు జనవరిలో పెట్టినదానికి ఉండదు. పైరు వేసే నెల నుంచి వెనక్కి లెక్కేసుకుని కనీసం మూడు నాలుగు నెలల ముందు పెట్టండి.

జాగ్రత్త: మంజూరు చేయిస్తామని డబ్బడిగే దళారులకు ఏమీ ఇవ్వకండి. మంజూరు రాకముందే కంపెనీ మనిషి సామాను దించి "తర్వాత చూసుకుందాం" అంటే ఒప్పుకోకండి. మంజూరు రాకపోతే ఆ బిల్లు మొత్తం మీ మీద పడుతుంది.

4. సర్వే రోజు: మొదటి సంతకం

కంపెనీ మనిషి, శాఖ క్షేత్ర సిబ్బంది వచ్చి పొలం కొలుస్తారు. మీరు తప్పకుండా ఉండాలి. పైరు, సాలు ఎడం, బోరు నీటి లెక్క, పొలం వాలు, ఈ నాలుగూ మీరే చెప్పాలి. చెప్పకపోతే వాళ్లకు అలవాటైన కొలతలతో డిజైన్ గీసేస్తారు.

సాలు ఎడమే లేటరల్ పైపు (సాలు వెంబడి పరిచే సన్న పైపు) పొడవును నిర్ణయిస్తుంది. ఎకరం 4,047 చదరపు మీటర్లు. దాన్ని సాళ్ల ఎడంతో భాగించండి:

- 1.2 మీటర్ల ఎడం: సుమారు 3,370 మీటర్ల పైపు
- 1.5 మీటర్లు: సుమారు 2,700
- 1.8 మీటర్లు: సుమారు 2,250

పామాయిల్‌లో చెట్ల మధ్య 9 మీటర్ల త్రిభుజాకారపు ఎడం ఉంటుంది కాబట్టి సాలుకూ సాలుకూ 7.8 మీటర్లు. ఒక్కో లైను చొప్పున ఎకరానికి 520 మీటర్లు సరిపోతాయి. చెట్టు చుట్టూ వేసే చిన్న పైపులు వేరే లెక్క. రేపు అంతరపంట వేసే ఆలోచన ఉంటే ఈరోజే చెప్పండి. పండ్ల తోటకు ఇచ్చే విడి డ్రిప్పర్ల (నీరు చుక్కలుగా వదిలే ముక్కల) పైపుతో మధ్యలో కూరగాయలు పండించలేరు.

ఇక వాల్వుల లెక్క. దీన్ని వదిలేస్తే చివరి మొక్కలు ఎండుతాయి. ఉదాహరణకు 1.5 మీటర్ల ఎడంలో, 40 సెంటీమీటర్లకొక డ్రిప్పర్ ఉన్న ఇన్‌లైన్ పైపు (డ్రిప్పర్లు లోపలే ఉండేది) వేశారు. 2,700 మీటర్లలో 6,750 డ్రిప్పర్లు. ఒక్కోటి గంటకు 4 లీటర్లిస్తే ఎకరం మొత్తం ఒకేసారి తాగేది గంటకు 27,000 లీటర్లు. మీ బోరు ఇచ్చేది 12,000. అంటే ఎకరాన్ని మూడు సెక్షన్లు చేసి మూడు వాల్వులు పెట్టాలి. అప్పుడు ఒక్కో సెక్షనుకు 9,000 లీటర్లే కావాలి, ఒత్తిడి నిలుస్తుంది. ఒక్కో సెక్షను 45 నిమిషాలు నడిస్తే రోజు నీరు అందుతుంది. గంటకు 2 లీటర్ల డ్రిప్పర్లు తీసుకుంటే అదే ఎకరాన్ని రెండు సెక్షన్లతో సరిపెట్టవచ్చు, నడిపే సమయం రెట్టింపవుతుంది. బలహీనమైన బోరున్నవాళ్లు 2 లీటర్లదే అడగడం మేలు.

ఫిల్టరు కూడా ఈరోజే తేలాలి.

- ఇసుక వచ్చే బోరు: ముందు హైడ్రోసైక్లోన్ (నీటిని సుడి తిప్పి ఇసుకను వేరుచేసేది), తర్వాత స్క్రీన్ ఫిల్టరు
- కాలువ, చెరువు, నీటి కుంట: ముందు ఇసుక ఫిల్టరు, తర్వాత స్క్రీన్ లేదా డిస్క్ ఫిల్టరు. పాచిని ఒక్క స్క్రీన్ ఫిల్టరు ఆపలేదు
- ఇసుక లేని స్వచ్ఛమైన బోరు నీరు: స్క్రీన్ లేదా డిస్క్ ఫిల్టరు చాలు

ఫిల్టరు సామర్థ్యం గంటకు ఘనపు మీటర్లలో రాసి ఉంటుంది. 12,000 లీటర్లంటే 12 ఘనపు మీటర్లు. మీ బోరు లెక్క కన్నా ఫిల్టరు పెద్దదై ఉండాలి.

సంతకానికి ముందు డిజైన్ కాగితంలో ఈ ఐదూ రాసి ఉన్నాయో లేదో చూడండి: లేటరల్ మొత్తం పొడవు, డ్రిప్పర్ల ఎడం, డ్రిప్పర్ విడుదల చేసే నీరు, వాల్వుల సంఖ్య, ఫిల్టరు రకం. ఖాళీ కాగితం మీద సంతకం అడిగితే పెట్టకండి. పెట్టాక ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి.

5. కొటేషన్, రైతు వాటా

"90 శాతం సబ్సిడీ అన్నారు, నా వాటా 25 శాతం దాకా వచ్చిందేంటి?" అని చాలామంది అడుగుతారు. శాతం లెక్కగట్టేది కంపెనీ బిల్లు మీద కాదు, ఆ ఎడానికి ప్రభుత్వం ఖరారు చేసిన యూనిట్ ధర మీద. లెక్క కోసం యూనిట్ ధర లక్ష అనుకుందాం, కొటేషన్ 1,20,000 వచ్చింది. సబ్సిడీ 90,000. మీరు కట్టేది 30,000. పైనున్న 20,000 దేనికో కొటేషన్‌లో వెతకండి. బోరు నుంచి పొలానికి దూరం ఎక్కువైతే మెయిన్ పైపు ఎక్కువ పడుతుంది, అది న్యాయమైన ఖర్చే. అడగకుండా చేర్చిన పరికరాలుంటే తీయించండి.

జీఎస్టీ కూడా చూడండి. డ్రిప్, స్ప్రింక్లర్ పరికరాల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం పోయి 5 శాతమైంది. పాత రేటుతో వేసిన కొటేషన్ మీ చేతికొస్తే మార్పించండి.

రైతు వాటాను శాఖ చెప్పిన పేరుతో డీడీగానో ఆన్‌లైన్‌లోనో కట్టండి. డీలరు చేతికి నగదు ఇవ్వకండి. డీడీ జిరాక్సు, రసీదు రెండూ భద్రపరచండి.

6. సామాను దిగినప్పుడు

బండి వచ్చిన పూట వేరే పని పెట్టుకోకండి. సామాను జాబితా తెప్పించుకుని ఒక్కో వరుసా టిక్కు పెట్టండి.

పైపు మీద వరుసగా అచ్చు వేసిన అక్షరాలుంటాయి. కంపెనీ పేరు, పైపు వ్యాసం, ఐఎస్ఐ గుర్తు, సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు. ప్రమాణాల నంబర్లు ఇవి: డ్రిప్పర్లు లోపలే ఉండే ఇన్‌లైన్ పైపుకు ఐఎస్ 13488, సాదా లేటరల్‌కు ఐఎస్ 12786, విడి డ్రిప్పర్లకు ఐఎస్ 13487, పీవీసీ మెయిన్, సబ్ మెయిన్ (మెయిన్ నుంచి లేటరల్స్‌కు నీరు పంచే) పైపులకు ఐఎస్ 4985. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ లైసెన్సు నంబరు కొడితే అది ఏ కంపెనీదో, ఇంకా అమల్లో ఉందో లేదో కనిపిస్తుంది.

ఒక రోల్ విప్పి 10 మీటర్లు టేపుతో కొలవండి. 40 సెం.మీ. ఎడం అయితే అందులో 25 డ్రిప్పర్లుండాలి, 50 సెం.మీ. అయితే 20. రోల్ మీద రాసిన మీటర్లన్నీ కూడి డిజైన్‌లోని పొడవుతో పోల్చండి. తగ్గితే అక్కడికక్కడే చలానా మీద రాసి, బండివాడి చేత సంతకం పెట్టించండి. "రేపు పంపిస్తాం" అన్న మాట చలానా మీద లేకపోతే దానికి లెక్కలేదు.

రోల్స్‌ను నేల మీద ఈడ్చుకెళ్లొద్దు. ఎండలో వారాల తరబడి వదలొద్దు.

7. బిగించేటప్పుడు

మెయిన్, సబ్ మెయిన్ పైపుల కాలువ అడుగున్నర నుంచి రెండడుగుల లోతు ఉండాలి. పై పైన పూడిస్తే నాగలికి, ట్రాక్టరుకు తగులుతుంది. ఎండ తగిలిన పీవీసీ పెళుసెక్కి పగులుతుంది. కాలువ తవ్వే కూలి ఎవరిదన్నది ముందే మాట్లాడుకోండి. చాలాచోట్ల రైతు మీదే పెడతారు.

సబ్ మెయిన్‌కు లేటరల్ కోసం రంధ్రాలు వేసినప్పుడు ప్లాస్టిక్ పొట్టు పైపులోకి పడుతుంది. కాబట్టి లేటరల్స్ తగిలించకముందే మోటారు వేసి, సబ్ మెయిన్ చివరి ఫ్లష్ వాల్వు తెరిచి, నీరు తేటపడేదాకా వదలాలి. ఆ తర్వాత లేటరల్స్ తగిలించి, చివరి మూతలు పెట్టకుండా మరోసారి వదలాలి. బిగించేవాళ్లు తొందరలో ఈ రెండూ దాటేస్తారు. కొత్త డ్రిప్పర్లు మొదటి వారంలోనే మూసుకుపోవడానికి ముఖ్య కారణం ఆ పొట్టే.

లేటరల్స్ వాలుకు అడ్డంగా, సబ్ మెయిన్ వాలు వెంబడి ఉండాలి. వాలు వెంబడి లేటరల్ వేస్తే పల్లంలో బురద, మెరకలో దుమ్ము.

పైపు మీద డ్రిప్పర్ రంధ్రం ఆకాశం వైపు చూసేలా పరవాలి. కిందికి ఉంటే మోటారు ఆగినప్పుడు మట్టి నీరు లోపలికి పీల్చుకుంటుంది. ఎత్తైన చోట ఎయిర్ వాల్వు ఉందా, ఫిల్టరుకు ముందూ వెనకా ప్రెజర్ మీటరు తగిలించే చోటుందా, బైపాస్ వాల్వు ఉందా అన్నదీ చూడండి.

8. ట్రయల్ రన్: గ్లాసు పరీక్ష

మోటారు వేయగానే అన్ని సాళ్లలో నేల తడిస్తే "బాగుంది" అనిపిస్తుంది. కంటికి కనిపించే తడి కొలత కాదు.

ఒక్కో సెక్షను విడిగా నడపండి. పది నిమిషాలు ఆగితే గాలి పోయి ఒత్తిడి కుదురుతుంది. ఫిల్టరు దాటాక మీటరు చూసుకోండి. సెక్షను వాల్వు దగ్గర సుమారు 1 కిలో (చదరపు సెంటీమీటరుకు) ఒత్తిడి ఉండాలి.

ఇప్పుడు మొదటి సాలు, నడిమి సాలు, చివరి సాలు తీసుకోండి. ఒక్కోదాంట్లో మొదట, మధ్యలో, చివర, మొత్తం తొమ్మిది చోట్ల డ్రిప్పర్ కింద చిన్న గుంట తీసి గ్లాసు పెట్టండి. సరిగ్గా 3 నిమిషాలు పట్టండి. గంటకు 4 లీటర్ల డ్రిప్పర్ అయితే 200 మిల్లీలీటర్లు రావాలి. 2 లీటర్లదైతే 100. పైపు వెంబడి జారే నీరు కూడా గ్లాసులో పడకుండా డ్రిప్పర్‌కు అటూ ఇటూ దారం ముడి వేయండి. లేకపోతే లెక్క ఎక్కువ చూపిస్తుంది.

తొమ్మిది అంకెలూ రాసుకుని ఇలా చదవండి:

- 180 నుంచి 220 మధ్య (2 లీటర్లదైతే 90 నుంచి 110 మధ్య) అన్నీ ఉంటే డిజైన్ సరిగ్గా ఉంది.
- సాలు మొదట ఎక్కువ, చివర బాగా తక్కువ: లేటరల్ మరీ పొడవైంది. సబ్ మెయిన్‌ను నడిమికి మార్చి రెండు వైపులా లేటరల్ తీయాలి, లేదా లావు పైపు వేయాలి.
- మొదటి సాలు బాగుండి చివరి సాలు మొత్తం తక్కువ: సబ్ మెయిన్ సన్నగా ఉంది, లేదా ఎక్కడో కారుతోంది.
- అన్నిచోట్లా తక్కువ: సెక్షను పెద్దదైంది, బోరు చాలడం లేదు. మరో వాల్వు కావాలి. ముందు ఫిల్టరు మూసుకుపోలేదని చూసుకోండి.
- ఎక్కడో ఒకటి రెండు మాత్రమే తక్కువ: చెత్త ఇరుక్కుంది. చివరి మూత తీసి నీరు వదిలితే పోతుంది.

సాలు చివర నీరు తగ్గడాన్నీ, ఒకటి రెండు డ్రిప్పర్లు మాత్రమే తగ్గడాన్నీ చాలామంది ఒకటే అనుకుని డ్రిప్పర్లు గుచ్చి రంధ్రం పెద్దది చేస్తారు. ఎప్పుడూ చేయకండి. గుచ్చిన డ్రిప్పర్ మిగతావాటి నీరు కూడా లాగేస్తుంది.

9. రెండో సంతకం

శాఖ సిబ్బంది వచ్చి పొలంలో మీతో, పరికరాలతో కలిపి జియో ట్యాగ్ ఫొటో తీస్తారు. పూర్తయినట్టు పత్రం ఇస్తారు. గ్లాసు లెక్క కాగితం వారికి చూపించండి. లోపం ఉంటే సంతకం పెట్టకుండా "ఈ సెక్షనులో చివరి సాలుకు ఇంతే వస్తోంది, సరిచేశాక సంతకం పెడతాను" అని చెప్పండి. మర్యాదగా, గట్టిగా. సిబ్బందికి కూడా ఇది మేలే, అంకెలుంటే కంపెనీని అడగడం వారికి సులువు.

సంతకంతో పాటు తీసుకోవాల్సినవి: బిల్లు నకలు, గ్యారంటీ కార్డు, ఉచిత సర్వీసు ఎన్నేళ్లో రాసిన కాగితం, సర్వీసు మనిషి ఫోన్ నంబరు, డిజైన్ పటం. ఆ పటం లేకపోతే మూడేళ్ల తర్వాత పైపు ఎక్కడ పూడ్చారో మీకే గుర్తుండదు.

సబ్సిడీ సామానును అమ్ముకోవడం, వేరేవాళ్ల పొలానికి తరలించడం చేయకండి. తనిఖీలో పొలంలో పరికరాలు లేకపోతే సొమ్ము తిరిగి కట్టమంటారు.

10. మొదటి ఏడాది

ఫిల్టరుకు ముందు మీటరుకూ వెనక మీటరుకూ తేడా అర కిలో దాటితే కడగాలి. మీటరు లేకపోతే రోజూ మోటారు ఆపాక జాలీ తీసి చూడండి. చిరిగిన జాలీని కుట్టి వాడొద్దు, మార్చాలి. పదిహేను రోజులకొకసారి లేటరల్ చివరి మూతలు తీసి, ఒకసారి అయిదారు మాత్రమే, నీరు తేటపడేదాకా వదలండి. అన్నీ ఒకేసారి తీస్తే ఒత్తిడి పడిపోయి చెత్త కదలదు.

ఎరువులు వెంచురీ (ఎరువు నీటిని పైపులోకి పీల్చే పరికరం) ద్వారా ఇచ్చేటప్పుడు మొదట కాసేపు ఉత్త నీరు, మధ్యలో ఎరువు, చివరి 15 నిమిషాలు మళ్లీ ఉత్త నీరు. యూరియా, తెల్ల పొటాష్, 19:19:19 వంటి నీటిలో పూర్తిగా కరిగేవే వాడాలి. డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ వేయొద్దు. కాల్షియం నైట్రేట్‌ను ఫాస్ఫేట్, సల్ఫేట్ ఉన్న ఎరువులతో ఒకే డ్రమ్ములో కలపొద్దు, సున్నంలా పేరుకుంటుంది.

డ్రిప్పర్ మీద తెల్ల పొర కడితే అది నీటిలోని సున్నం. యాసిడ్ శుద్ధి చేయాలి. పద్ధతి ఇది: 10 లీటర్ల బోరు నీటిలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ కొద్దికొద్దిగా పోస్తూ, పీహెచ్ కాగితం 4 చూపించే వరకు ఎన్ని మి.లీ. పట్టిందో రాసుకోండి. 10 మి.లీ. పడితే 1,000 లీటర్లకు ఒక లీటరు. ఆ నిష్పత్తిలో వెంచురీ ద్వారా పంపండి. చివరి డ్రిప్పర్ దగ్గర కూడా కాగితం రంగు మారగానే మోటారు ఆపి, ఒక రోజు అలాగే వదిలి, మర్నాడు మూతలన్నీ కొన్నికొన్నిగా తీసి కడిగేయండి. ఎప్పుడూ నీటిలోకి యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీరు పోయకూడదు. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు.

పాచి, జిగురు కనిపిస్తే దానికి బ్లీచింగ్ పౌడర్ శుద్ధి. యాసిడ్, బ్లీచింగ్ రెండూ ఒకే రోజు, ఒకే డ్రమ్ములో ఎన్నడూ వద్దు. కలిస్తే వచ్చే క్లోరిన్ వాయువు ప్రాణం తీస్తుంది.

పంట అయిపోయాక లేటరల్స్ గుండ్రంగా చుట్టి, ఎలుకలు చేరని చోట, నేలకు ఎత్తుగా వేలాడదీయండి. ఎలుక, ఉడుత కొరికిన చోట జాయినర్ వేస్తే సరిపోతుంది. నీరు దొరకని ఎండలో దాహానికి కూడా అవి పైపులు కొరుకుతాయి కాబట్టి గట్టు మీద ఒక మట్టి ముంతలో నీరు పెట్టేవాళ్లున్నారు.

డ్రిప్ కుదరని చోట

వేరుశనగ, మినుము, పెసర వంటి దగ్గర సాళ్ల పైర్లకు స్ప్రింక్లర్ సెట్టు నయం. ఖర్చు తక్కువ, ఒక పొలం నుంచి మరోదానికి మోసుకెళ్లవచ్చు. అదీ ఇదే పథకంలో వస్తుంది, శాతం మాత్రం వేరు. ఉప్పు ఎక్కువున్న నీటికి స్ప్రింక్లర్ వద్దు, ఆకులు మాడతాయి. బోరు గంటకు మూడు నాలుగు వేల లీటర్లు కూడా ఇవ్వకపోతే, నీటి కుంటలోకి నింపుకుని అక్కడి నుంచి డ్రిప్ నడపడం దారి. అప్పుడు ఇసుక ఫిల్టరు తప్పనిసరి.

కంపెనీ రాకపోతే

ఫోన్ చేసి చెప్పిన ఫిర్యాదుకు సాక్ష్యం ఉండదు. దరఖాస్తు నంబరు, బిగించిన తేదీ, లోపం, గ్లాసు పరీక్ష అంకెలు, ఫొటోలు పెట్టి కాగితం రాసి, ఏపీలో జిల్లా ఏపీఎంఐపీ ప్రాజెక్టు డైరెక్టరు కార్యాలయంలో, తెలంగాణలో జిల్లా ఉద్యాన అధికారికి ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలో (తెలంగాణలో ప్రజావాణి, ఏపీలో పీజీఆర్ఎస్) ఆ ముద్ర వేసిన కాగితం జతచేసి ఇవ్వండి. ఉచిత సర్వీసు గడువు ముగియకముందే ఇవ్వాలి. గడువు దాటాక అదే మరమ్మతుకు మీరు డబ్బు పెట్టుకోవాల్సి వస్తుంది.